పది నిమిషాల టిక్కెట్టు

1914 జనవరి 1వ తేదీన అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో, సెంట్ పీటర్స్‌బర్గ్ అనే పట్టణంలో ఒక వేలం జరిగింది. వేలానికి పెట్టింది ఒకే ఒక ఆసనం. అఖాతానికి ఆవలి ఒడ్డున ఉన్న టాంపా నగరానికి నీటి విమానంలో పోవడానికి, పైలట్ ప్రక్కన కూర్చునే చోటు. పైకప్పు లేదు, మొహాన నీటి తుంపరలు పడకుండా అడ్డమూ లేదు. ఆ పట్టణానికి పూర్వం మేయరుగా పనిచేసిన ఏబ్రమ్ ఫైల్ దానిని 400 డాలర్లకు పాడుకున్నాడు. టోనీ జానస్ అనే పైలట్ నడిపిన ఆ విమానం 23 నిమిషాల్లో ఆయనను టాంపాలో దింపింది. వేలపు ముచ్చట తీరిన తరువాత మామూలు ప్రయాణీకునికి నిర్ణయించిన ఛార్జీ 5 డాలర్లు. నిర్ణీత వేళల్లో టిక్కెట్టు మీద నడిచిన తొలి విమాన సర్వీసుగా చరిత్రకారులు దీనిని పేర్కొంటారు. ఆ సర్వీసు నాలుగు నెలలకే మూతపడింది గాని, అది చూపిన దారి మూతపడలేదు.

2021 జూన్ 12న అమెరికాలోనే ఇంకొక ఆసనం వేలానికి వచ్చింది. జెఫ్ బెజోస్ స్థాపించిన బ్లూ ఆరిజిన్ సంస్థ తన ‘న్యూ షెపర్డ్’ రాకెట్టులో మనుషులను తొలిసారిగా పంపుతూ, అందులో ఒక చోటును బహిరంగ వేలం వేసింది. పాట 2 కోట్ల 80 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. పాడుకున్నవాడు ఆనాడు తీరిక లేదని తప్పుకోగా, జూలై 20న ఆ చోట ఓలివర్ డేమెన్ అనే 18 ఏళ్ళ కుర్రవాడు కూర్చున్నాడు. పాడుకున్న జస్టిన్ సన్ 2025 ఆగస్టులో గాని ప్రయాణం చేయలేదు. వేలపు సొమ్ము బెజోస్ సంస్థకు అనుబంధమైన విద్యా నిధికి చేరింది కనుక దానిని టిక్కెట్టు ధరగా కాక, వేడుక ధరగా భావించడమే న్యాయం.

రోదసీ విహారాన్ని వ్యాపారంగా నడిపేవారు ఈ రెండు వేలాలనూ పోల్చి చూపడానికి ఇష్టపడతారు. తొలి విమానం ధనవంతుల ముచ్చటే కదా, నేడు పల్లెటూరి రైతు కూడా కువైట్‌కు విమానంలో పోతున్నాడు కదా, రాకెట్టు విషయంలోనూ అంతే జరుగుతుంది కదా అని వారి వాదం. వినడానికి ఇంపుగా ఉండే ఈ వాదంలో ఒక చిన్న లోపం ఉన్నది. ఫైల్ టాంపా చేరాడు. డేమెన్ ఎక్కడికీ చేరలేదు. పశ్చిమ టెక్సస్ ఎడారిలో ఏ చోట రాకెట్టు ఎక్కాడో ఆ చోటికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, పది నిమిషాల తరువాత, పారాచూట్ల క్రింద వ్రేలాడుతూ తిరిగి దిగాడు.

ఈ యాత్ర స్వరూపం అర్థం కావాలంటే, మామిడికాయను కొట్టడానికి పిల్లవాడు నిట్టనిలువుగా విసిరిన రాయిని తలచుకుంటే చాలు. రాయి పైకి పోయి, ఒక్క క్షణం ఆగినట్లు కనిపించి, తిరిగి నేలమీదికి వస్తుంది. కక్ష్య చేరని రోదసీ యాత్ర అంతకంటే వేరు కాదు. శబ్దవేగానికి మూడింతల వేగాన్ని అందుకున్న రాకెట్టు, ఆ రాయి వలెనే, సుమారు నూరు కిలోమీటర్ల ఎత్తుకు పోయి వస్తుంది. ఇంజను ఆగిన క్షణం నుంచి మళ్ళీ గాలి దట్టమయ్యే వరకు లోపలి మనుషులూ, వారి చుట్టూ ఉన్న గది కలిసి ఒకే తీరున పడుతుంటారు. కనుక కాలు నేలకు ఆనదు. ఒడిలోని చేతి రుమాలు గాలిలో తేలుతుంది. దీనినే భారరహిత స్థితి అంటారు. భూమ్యాకర్షణ అక్కడ లేదనుకోవడం పొరపాటు. నూరు కిలోమీటర్ల ఎత్తున కూడా అది నేలమీద ఉన్నదానిలో నూటికి తొంభై ఏడు పాళ్ళు ఉంటుంది. ఈ తేలియాట మూడు, నాలుగు నిమిషాలకు మించదు.

భూమి చుట్టూ తిరిగే యాత్ర సంగతి వేరు. కక్ష్యలో నిలవాలంటే గంటకు 28,000 కిలోమీటర్ల వేగం కావాలి. అది పై రాకెట్టు వేగానికి సుమారు ఎనిమిదింతలు. శక్తి వేగం యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, అవసరమయ్యే గతిశక్తి అరవై రెట్లకు పైబడుతుంది. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ చేసింది ఈ రెండవ యాత్ర. మే 5న అలన్ షెపర్డ్ చేసింది మొదటిది. పదిహేను నిమిషాలు, 187 కిలోమీటర్ల ఎత్తు. బెజోస్ రాకెట్టుకు ఆయన పేరే పెట్టారు. అయితే ఆ దారిన అమెరికా షెపర్డ్ కంటే ముందు, అదే ఏడాది జనవరి 31న, హామ్ అనే చింపాంజీని పంపి రప్పించిందన్న విషయాన్ని టిక్కెట్లు అమ్మేవారు సాధారణంగా ప్రస్తావించరు.

డబ్బు చెల్లించి కక్ష్యకు వెళ్ళిన మొదటి మనిషి డెన్నిస్ టీటో. 2001 ఏప్రిల్ 28న రష్యా వారి సోయుజ్ నౌకలో బయలుదేరి అంతర్జాతీయ రోదసీ కేంద్రంలో బస చేసి, ఎనిమిది రోజులకు తిరిగి వచ్చాడు. ఆయన చెల్లించిన మొత్తం సుమారు 2 కోట్ల డాలర్లని ఆనాటి పత్రికలు వ్రాశాయి. కక్ష్య చేరని యాత్ర దీనికి చౌక రూపంగా పుట్టింది. 2004లో బర్ట్ రూటన్ రూపొందించిన ‘స్పేస్‌షిప్ వన్’ రెండు వారాలలోపల రెండు మార్లు నూరు కిలోమీటర్లు దాటి, కోటి డాలర్ల అన్సారీ బహుమతిని గెలిచింది. ఆ నమూనాను పెంచి రిచర్డ్ బ్రాన్సన్ వర్జిన్ గలాక్టిక్ సంస్థను నెలకొల్పాడు. పెద్ద విమానం ఒకటి నౌకను సుమారు పదమూడు, పధ్నాలుగు కిలోమీటర్ల ఎత్తుకు మోసుకుపోయి విడిచిపెడుతుంది; అప్పుడు రాకెట్టు ఒక నిమిషం పాటు మండి దానిని పైకి తోస్తుంది; తిరుగు దారిలో అది గ్లైడరు వలె జారుతూ రన్‌వే మీద దిగుతుంది. తొలుత 2 లక్షల డాలర్లున్న టిక్కెట్టు ధర 2013లో రెండున్నర లక్షలకు, 2021లో నాలుగున్నర లక్షలకు పెరిగింది. మన లెక్కలో ఇది ఇంచుమించు నాలుగు కోట్ల రూపాయలు. తేలియాడే కాలానికి పంచితే నిమిషానికి కోటి. బ్లూ ఆరిజిన్ మాత్రం తన ధరను బహిరంగంగా చెప్పే అలవాటు చేసుకోలేదు.

తేలియాట ఒక్కటే కావలసినవారికి ఇంతకంటే చౌక దారి ఉన్నది. జెట్ విమానాన్ని ధనుస్సు ఆకారంలో ఎక్కించి దించితే ప్రతి వంపులోనూ ఇరవై సెకన్లకు పైగా భారరహిత స్థితి కలుగుతుంది. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 2007 ఏప్రిల్‌లో చక్రాల కుర్చీ విడిచి తేలినది అటువంటి విమానంలోనే. దాని ఖరీదు కొన్ని వేల డాలర్లు. కనుక నాలుగు కోట్లు పోసేవాడు తేలియాటను మాత్రమే కొనడం లేదు; నల్లని ఆకాశాన్నీ, వంగిన భూమి అంచునూ, ‘రోదసికి పోయి వచ్చినవాడు’ అన్న పేరునూ కొంటున్నాడు. ఆ పేరు విషయంలోనూ తగాదా ఉన్నది. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య గీసిన గీత నూరు కిలోమీటర్లు. అమెరికా ప్రభుత్వపు గీత ఎనభై. బ్రాన్సన్ నౌక ఈ రెండింటి మధ్య ఆగుతుంది, బెజోస్ నౌక రెండింటినీ దాటుతుంది. 2021 జూలైలో వీరిద్దరి సంస్థల మధ్య ఈ ఇరవై కిలోమీటర్ల గురించి సాగిన ఎత్తిపొడుపులు పొలం గట్టు తగాదాలను గుర్తుకు తెచ్చాయి.

ఈ స్వల్ప చరిత్రలో తెలుగువారి పేర్లు రెండు ఉన్నాయి. 2021 జూలై 11న బ్రాన్సన్‌తో కలిసి ‘యూనిటీ’ నౌకలో పోయిన బండ్ల శిరీష ఆంధ్రప్రదేశ్‌లో జన్మించి, టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో పెరిగిన ఇంజనీరు. ఆమె టిక్కెట్టు కొన్న యాత్రికురాలు కాదు, ఆ సంస్థ ఉద్యోగిని. ఫ్లారిడా విశ్వవిద్యాలయం వారు ఇచ్చిన మొక్కల నాళికలతో, భారం మారే క్షణాల్లో మొక్కలలో కలిగే మార్పును నమోదు చేసే ప్రయోగం ఒకటి ఆమె ఆ కొద్ది నిమిషాలలో జరిపింది. రెండవవాడు విజయవాడలో జన్మించిన తోటకూర గోపీచంద్. వృత్తిచేత పైలట్ అయిన ఆయన 2024 మే 19న న్యూ షెపర్డ్‌లో పోయి, రోదసీ యాత్రికుడైన తొలి భారతీయుడని పేరు పొందాడు. పొరుగు దేశమైన పాకిస్తాన్ నుంచి నమీరా సలీం 2023 అక్టోబరు 6న యూనిటీలో వెళ్ళింది. ఆగ్రాలో పుట్టిన అర్వీ బహల్ 2025లో వెళ్ళాడు.

విలాస యాత్ర అన్న మాట మనకు క్రొత్తది కాదు. 1883లో పారిస్ నుంచి బయలుదేరిన ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్ మొదలు, 1982లో మన రాజస్థాన్‌లో పట్టాలెక్కిన ప్యాలెస్ ఆన్ వీల్స్ వరకు ఖరీదైన రైళ్ళు అమ్మినది ప్రధానంగా సుఖం. నింపాదిగా పోవడమే వాటి గొప్ప. ఆలస్యమైనకొద్దీ ప్రయాణీకునికి గిట్టుబాటు. కాంకార్డ్ విమానం దీనికి సరిగ్గా ఎదురు. 1976 జనవరి 21 నుంచి 2003 అక్టోబరు 24 వరకు అది అమ్మినది కాలాన్ని. లండన్ నుంచి న్యూయార్క్‌కు మూడున్నర గంటలు. నూరు మంది పట్టే ఆ గొట్టంలో కుర్చీలు ఇరుకుగా, కిటికీలు అరచేయంతగా ఉండేవని ఎక్కినవారు చెప్పేవారు; అయినా మొదటి తరగతిని మించిన ఛార్జీ ఇచ్చి ఎక్కేవారు. పద్దెనిమిది కిలోమీటర్ల ఎత్తున ఆకాశం ముదురు నీలంగా మారడం చూసేవారు. లండన్ నుంచి ఎగిరి సముద్రం మీద ధ్వనివేగం దాటి, తిరిగి లండన్‌లోనే దిగే వినోద యాత్రలు కూడా ఆ విమానంలో నడిచాయి. ఎక్కడికీ పోని టిక్కెట్టుకు గిరాకీ ఉంటుందని ఆనాడే తేలింది.

రాకెట్టు యాత్రలో సుఖం లేదు, గమ్యం లేదు, కాలం కలిసిరావడం లేదు. దిగేటప్పుడు శరీరం తన బరువుకు నాలుగైదింతలు తూగుతుంది. దీనికి దగ్గరి చుట్టం రైలూ విమానమూ కాదు, ఎవరెస్టు శిఖరం. అక్కడికి పోయేవాడూ ఎక్కినచోటికే దిగి వస్తాడు, శిఖరం మీద కొద్ది నిమిషాలే నిలుస్తాడు, బ్రతుకంతా చెప్పుకుంటాడు. 2025 సెప్టెంబరు నుంచి నేపాల్ ప్రభుత్వం వసంతకాలపు అనుమతికి విదేశీయుని వద్ద 15,000 డాలర్లు వసూలు చేస్తున్నది. మార్గదర్శకులు, ప్రాణవాయువు, గుడారాలు అన్నీ కలిపితే యాత్ర ఖర్చు అంతకు ఎన్నో రెట్లవుతుంది. అయితే కొండ మీద డబ్బు కొంతవరకే మోస్తుంది, తక్కినది కాళ్ళే మోయాలి. రాకెట్టులో రెండు రోజుల శిక్షణ చాలు. 2021 అక్టోబరులో నటుడు విలియం షాట్నర్ 90 ఏళ్ళ వయసున పోయి వచ్చాడు. ముసలితనాన్నీ, అవిటితనాన్నీ గడప దగ్గర ఆపని యాత్ర కావడం దీని మెచ్చదగిన గుణం. 2023 ఆగస్టులో యూనిటీ ఎక్కిన జాన్ గుడ్విన్ 80 ఏళ్ళవాడు, పార్కిన్సన్ వ్యాధిగ్రస్తుడు. టిక్కెట్టు కొన్నది 2005లో.

కొండ నేర్పే పాఠం మరొకటి ఉన్నది. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు దారిలోని ఖుంబు హిమపాతం వద్ద మంచుచరియలు విరిగిపడి 16 మంది నేపాలీలు మరణించారు. యాత్రికులు పైకి రావడానికి ముందుగా సామాను చేరవేస్తున్న కూలీలు, దారి చూపేవారు వారు. చనిపోయినవారి కుటుంబాలకు అంత్యక్రియల నిమిత్తం ప్రభుత్వం మొదట ప్రకటించినది 40,000 నేపాలీ రూపాయలు. షెర్పాలు ఆగ్రహించి ఆ ఏటికి ఆ వైపు నుంచి ఎక్కడం మానివేశారు. బీమా మొత్తం పెంచడానికి అప్పుడు గాని ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ తరువాత నెల తిరిగేసరికి, మే 25న, టిబెట్టు వైపు నుంచి నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ 11 నెలల వయసున శిఖరం చేరింది. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ ఆమెతో ఉన్నాడు. ప్రభుత్వ గురుకుల పాఠశాల విద్యార్థులైన వారిది విలాస యాత్ర కాదు, వారి ఖర్చు ప్రజాధనం. ఒకే శిఖరం, ఒకే ఋతువు. ఎవరు ఎందుకు ఎక్కుతున్నారు, ఎవరి ప్రాణం ఎంతకు లెక్క కట్టారు అన్నది మాత్రం వేరు.

అసలు ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. టిక్కెట్టు అంటే ఏమిటి? చోటు కోసం ఇచ్చిన డబ్బుకు రశీదా, లేక క్షేమంగా దింపుతామన్న మాటా?

1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మునిగినప్పుడు అందులో అత్యంత విలాసవంతమైన గదుల ధర 870 పౌన్లు. మూడవ తరగతి 7 పౌన్లు. ఉన్నవారు 2,200 మంది, పడవలలో చోటు 1,178 మందికి. విచిత్రమేమంటే ఓడవారు చట్టాన్ని అతిక్రమించలేదు. పదివేల టన్నులు దాటిన ఓడకు పదహారు పడవలు చాలునని బ్రిటిష్ నిబంధన. నలభైఆరు వేల టన్నుల ఓడ వస్తుందని ఆ నిబంధన వ్రాసినవారు ఊహించలేదు. టైటానిక్‌లో ఉన్న పడవలు ఇరవై. పదిహేను వందల మంది చనిపోయిన తరువాత, 1914 జనవరిలో, అంటే ఫైల్ టాంపాకు ఎగిరిన నెలలోనే, లండన్‌లో సముద్రయాన భద్రతా ఒడంబడిక కుదిరింది. ఓడలో ఎంతమంది ఉంటే అంతమందికీ పడవలో చోటుండాలన్నది అప్పుడు ఒప్పుకున్న సూత్రం. నేడు రోజుకూలి మీద ఓడ ఎక్కేవానికి దక్కుతున్న రక్షణ ఆ విలాస నౌక మునకలో నుంచి వచ్చింది.

విమానానికీ ఇదే జరిగింది. 1920 ప్రాంతాల అమెరికా పల్లెల్లో యుద్ధానంతరం చౌకగా అమ్మిన ‘జెన్నీ’ విమానాలలో అయిదు డాలర్లిస్తే ఊరి చుట్టూ త్రిప్పి దింపేవారు. పైలట్‌కు లైసెన్సు లేదు, విమానానికి తనిఖీ లేదు. 1926 చట్టం ఆ రెండూ తప్పనిసరి చేసింది. 1929 అక్టోబరు 12న వార్సాలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక ఇంకొక అడుగు వేసింది. ప్రయాణీకునికి హాని కలిగితే, అన్ని జాగ్రత్తలూ తీసుకున్నామని రుజువు చేసుకోవలసిన బరువు విమాన సంస్థ మీదనే పెట్టింది. నష్టపరిహారానికి ఒక మితి విధించింది నిజమే. కాని ఆ బాధ్యతను తప్పించుకోవడానికి, లేదా ఆ మితిని ఇంకా తగ్గించడానికి టిక్కెట్టులో సంస్థ ఏ షరతు వ్రాసుకున్నా అది చెల్లదని 23వ అధికరణంలో శాసించింది. మన దేశంలో ఈ ఒడంబడిక 1934 చట్టం ద్వారా అమలులోకి వచ్చింది. 1972 చట్టం దాని స్థానం ఆక్రమించింది. విమానం టిక్కెట్టు చేత బట్టుకున్న ప్రతివాడూ, తెలిసినా తెలియకున్నా, ఈ రక్షణను జేబులో పెట్టుకొని ఎక్కుతున్నాడు.

రాకెట్టు ఎక్కేవాని జేబులో ఇది లేదు. 2004 డిసెంబరులో అమెరికా చేసిన చట్టం అతనిని ప్రయాణీకుడని పిలవనే లేదు. ‘రోదసీ యాత్రలో పాల్గొనేవాడు’ అన్నది. ఆ వాహనం క్షేమకరమైనదని ప్రభుత్వం ధ్రువీకరించలేదన్న సంగతి అతనికి వ్రాతపూర్వకంగా చెప్పి, ప్రమాదాలన్నీ వివరించి, సమ్మతి సంతకం తీసుకుంటే చాలు. లోపల కూర్చునేవారి రక్షణ కోసం వైమానిక శాఖ నిబంధనలు చేయరాదని కూడా నిషేధం విధించింది. పరిశ్రమ పసిది, నేర్చుకోనివ్వాలి అన్నది కారణం. ఎనిమిదేళ్ళకని మొదలైన ఆ గడువు మళ్ళీ మళ్ళీ పొడిగింపబడి, 2024 చట్టంతో 2028 జనవరి 1 వరకు సాగింది. ఇవి చాలవన్నట్లు వర్జీనియా, ఫ్లారిడా, న్యూ మెక్సికో, టెక్సస్ రాష్ట్రాలు, సంతకం చేసినవాడు మరణిస్తే నిర్వాహకులను వ్యాజ్యాల నుంచి చాలవరకు కాపాడే శాసనాలు చేశాయి. ఘోరమైన నిర్లక్ష్యం వంటి మినహాయింపులు మాత్రం ఉంచాయి. 1929లో చెల్లదన్న షరతును ఇప్పుడు ప్రభుత్వమే వ్రాయించి ఇస్తున్నదన్న మాట.

ఈ పద్ధతిని సమర్థించేవారికి మాట లేకపోలేదు. వయసు వచ్చినవాడు ప్రమాదం తెలిసి, తన డబ్బుతో, తన ప్రాణాన్ని పణంగా పెడితే ప్రభుత్వానికేమి అని వారు అడుగుతారు. కొండ ఎక్కేవానిని ఎవరు ఆపుతున్నారు? తొందరపడి వ్రాసిన నిబంధన మొదటి నమూనాకే ముద్ర వేసి మెరుగైన దానిని రానీయదు అన్న భయం కూడా నిర్హేతుకం కాదు. అయితే ‘ప్రమాదం తెలిసి’ అన్న ఆ రెండు మాటల్లోనే చిక్కంతా ఉన్నది. తెలియవలసినది ఎవరికి, ఎంత?

2014 అక్టోబరు 31న ‘ఎంటర్‌ప్రైజ్’ నౌక మోహావీ ఎడారి మీద పరీక్షా యాత్రలో ముక్కలయింది. సహ పైలట్ మైకేల్ ఆల్స్‌బరీ మరణించాడు. ఆకాశంలోకి విసిరివేయబడిన పైలట్ పారాచూట్‌తో బ్రతికి బయటపడ్డాడు. తిరుగు దారిలో రెక్కను మడవడానికి వాడే పరికరపు గడియను, ధ్వనివేగానికి 1.4 రెట్ల వద్ద తీయవలసినది, 0.8 రెట్ల వద్దనే తీయడం తక్షణ కారణం. కాని ప్రమాద విచారణ సంస్థ అక్కడితో ఆగలేదు. ఒక్క మనిషి చేసే ఒక్క పొరపాటు నౌకనే కూల్చివేయగలదన్న ఊహ నిర్మాతలకు రాకపోవడాన్నీ, అనుమతులిచ్చిన ప్రభుత్వ శాఖ తీరునూ తప్పుపట్టింది. నౌకను కట్టినవారికే తట్టని ప్రమాదాన్ని టిక్కెట్టు కొన్నవాడు తెలుసుకొని సమ్మతించడం ఎలాగ?

శిరీష ప్రయాణించిన యూనిటీ యాత్ర మీద కూడా విచారణ జరిగింది. దిగేటప్పుడు నౌక తనకు కేటాయించిన గగనతలం వెలుపల 1 నిమిషం 41 సెకన్లు ఉన్నదని వైమానిక శాఖ తేల్చి, కొన్ని వారాలు యాత్రలు నిలిపివేసింది. చట్టం ఇచ్చిన అధికారం ఇతర విమానాల, నేలమీది ప్రజల రక్షణ వరకే. గోపీచంద్ ఎక్కిన గది మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోక, రెండింటి మీదనే దిగింది. ఒకటి విఫలమైనా దిగగలిగేటట్లు ముందుగా ఆలోచించి కట్టారు కనుక ఎవరికీ దెబ్బ తగలలేదు. 2022 సెప్టెంబరులో మనుషులు లేని న్యూ షెపర్డ్ ఇంజను నోటి గొట్టం చెడిపోయినప్పుడు, గది రాకెట్టు నుంచి తనంత తాను విడివడి క్షేమంగా దిగింది. తిరిగి ఎగరడానికి ముందు 21 సవరణలు చేయవలసి వచ్చింది. ఇవన్నీ మంచి ఇంజనీరింగుకు నిదర్శనాలే. ఆ మంచి, నిర్మాత తనంత తాను చేసినది. చేయకపోతే అడిగేవాడు లేడు.

అడిగేవాడు లేనిచోట ఏమవుతుందో సముద్రం చూపింది. 2023 జూన్ 18న టైటానిక్ శకలాలను చూడబోయిన ‘టైటాన్’ జలాంతర్నౌక నలిగిపోయి అందులోని అయిదుగురూ మరణించారు. పాకిస్తాన్‌కు చెందిన షాజాదా దావూద్, ఆయన కుమారుడు వారిలో ఉన్నారు. టిక్కెట్టు ధర రెండున్నర లక్షల డాలర్లు. 2013 తరువాత కొంతకాలం రోదసీ టిక్కెట్టు ధర కూడా అంతే కావడం యాదృచ్ఛికం. అక్కడా చెల్లించినవానికి ప్రయాణీకుడన్న పేరు లేదు, ‘యాత్రా నిపుణుడు’ అన్నారు. మరణం సంభవించవచ్చునన్న పత్రం మీద సంతకం చేయించుకున్నారు. ఆ నౌకకు ఏ తనిఖీ సంస్థ ముద్రా లేదు. ఈ ప్రమాదం నివారించదగినదేనని అమెరికా తీర రక్షక దళం 2025 ఆగస్టులో ప్రకటించిన నివేదికలో తేల్చింది.

ఖర్చు టిక్కెట్టు కొన్నవాని దగ్గరే ఆగదు. న్యూ మెక్సికో ఎడారిలో యూనిటీ ఎగిరిన రోదసీ రేవును కట్టినది బ్రాన్సన్ కాదు, ఆ రాష్ట్ర ప్రజలు. 20 కోట్ల డాలర్లకు పైగా అయింది. చుట్టుపట్ల రెండు కౌంటీల వారు తమ అంగళ్ళలో కొనే సరుకుల మీద అదనపు పన్ను వేసుకోవడానికి ఓటు వేశారు. 2024 జూన్ 8న యూనిటీ చివరి యాత్ర ముగించి, తరువాతి తరం నౌకల కోసం విశ్రమించింది. పొగ సంగతి కూడా ఇటువంటిదే. న్యూ షెపర్డ్ హైడ్రోజన్‌ను మండిస్తుంది కనుక వెలువడేది నీటి ఆవిరి. యూనిటీ మండించేది రబ్బరు వంటి పదార్థం, దాని మసి వానకు కడుక్కుపోని ఎత్తున నిలుస్తుంది.

మన దేశానికి ఈ చర్చ దూరపుది కాదు. 2023లో ఇస్రో అధ్యక్షుడు సోమనాథ్ 2030 నాటికి రోదసీ విహారం సాధ్యమనీ, టిక్కెట్టు ఆరు కోట్ల రూపాయలు ఉండవచ్చుననీ చెప్పినట్లు పత్రికలు ప్రచురించాయి. అదే ఏడాది ప్రభుత్వం భారత రోదసీ విధానాన్ని ప్రకటించి ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచింది. విధానం వేరు, శాసనం వేరు. అటువంటి నౌక ఏనాడైనా శ్రీహరికోట నుంచి లేస్తే, లోపల కూర్చునేవాని సంగతి అటుంచి, వెలుపల ఉన్నవాని సంగతి ముందు చూడవలసి ఉంటుంది. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ఆ దీవి నుంచి రాకెట్టు లేచే ప్రతి రోజునా, సముద్రంలోకి పోరాదని మత్స్యకారులకు హెచ్చరిక వెలువడుతుంది. ఆ రోజు వేట లేదు. రోదసీ వస్తువు పడి నేలమీదివారికి నష్టం కలిగితే ప్రయోగించిన దేశమే సంపూర్ణ బాధ్యత వహించాలని 1972 నాటి అంతర్జాతీయ ఒడంబడిక చెబుతున్నది. భారతదేశం అందులో చేరింది. అయితే ఆ ఒడంబడిక 7వ అధికరణం ప్రకారం, ప్రయోగించిన దేశపు సొంత పౌరులకు ఈ రక్షణ వర్తించదు. ఆ శకలం శ్రీలంక జాలరి పడవ మీద పడితే ఆ దేశం మన ప్రభుత్వాన్ని అడుగవచ్చు. పులికాట్ జాలరి పడవ మీద పడితే, అతడు ఎవరిని ఏ చట్టం క్రింద అడగాలో మన శాసనసభ్యులు వ్రాయవలసి ఉన్నది. అతడు ఏ సమ్మతి పత్రం మీదా సంతకం చేయలేదు.